1984 మద్రాసు బుల్లెట్‌కి హిస్టారిక్ టాక్స్ క్లాస్: లాగ్‌బుక్‌లో 1985 అని ఉంది, ఏం చేయాలి?

లెస్టర్_బుల్లెట్ | 6 ఏప్రిల్ 2025

అందరికీ నమస్కారం. రెండేళ్ల నుంచి ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

పోయిన నవంబరులో లింకన్‌షైర్‌లో ఒక పెద్దాయన దగ్గర ఎన్‌ఫీల్డ్ ఇండియా బుల్లెట్ 350 కొన్నాను. తిరువొత్తియూర్ ఫ్యాక్టరీలో తయారై ఓడెక్కి ఇంగ్లండ్ వచ్చిన బండి. మాది తెనాలి. చిన్నప్పుడు నాన్న దగ్గర ఇలాంటిదే ఉండేది. కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. ఆమీటర్ ముల్లు చూసుకుని, డీకంప్రెసర్ లివర్ నొక్కి, పిస్టన్‌ని పైకి తెచ్చి ఒక్క కిక్కు. ఇప్పుడు నలభై ఆరేళ్ల వయసులో లెస్టర్‌లో అదే చేస్తున్నాను. పెద్దాయన తాళం చేతిలో పెట్టినప్పుడు నాకు మాట రాలేదు.

ఇక అసలు సంగతి. నలభై ఏళ్లు దాటిన బండిని "హిస్టారిక్" క్లాసులోకి మార్చుకుంటే రోడ్డు టాక్స్ ఉండదని విని వీ5సీ లాగ్‌బుక్ (మన ఆర్‌సీ లాంటిది) పట్టుకుని పోస్టాఫీసుకి వెళ్లాను. కౌంటర్‌లో ఆవిడ పుస్తకం చూసి, "మొదటి రిజిస్ట్రేషన్ 4 మార్చి 1985 అని ఉంది, మీకు ఈ ఏడాది వర్తించదు, వచ్చే ఏడాది రండి" అని మర్యాదగానే చెప్పింది. 1985 మార్చి అంటే నలభై ఏళ్లు నిండినట్టే కదా? ఇందులో లెక్క ఎక్కడ తప్పింది?

పాత_స్పానర్ | 6 ఏప్రిల్ 2025

స్వాగతం తమ్ముడూ. మంచి బండి దొరికింది నీకు.

ఆవిడ చెప్పింది సరైనదే. నీ లెక్కా తప్పు కాదు. మీరిద్దరూ వేరువేరు తేదీలు చూస్తున్నారు, అంతే.

టాక్స్ మినహాయింపు నలభయ్యో పుట్టినరోజు నాడు రాదు. ఏడాదికి ఒక్కసారే, ఏప్రిల్ 1న తలుపు తెరుస్తారు. ఈ ఏప్రిల్ 1న తెరిచిన తలుపు 1985 జనవరి 1 కంటే ముందు తయారైన బండ్లకి. తయారీ తేదీ తెలియకపోతే 1985 జనవరి 8 కంటే ముందు రిజిస్టర్ అయి ఉంటే చాలు. జనవరి మొదటి వారంలో రిజిస్టర్ అయిన బండి అంతకుముందు ఏడాదిలో తయారైందే అయ్యుంటుందని ఆ వెసులుబాటు.

నీ పుస్తకంలో మార్చి ఉంది కాబట్టి, చేతిలో ఇంకే కాగితమూ లేకపోతే 2026 ఏప్రిల్ 1 దాకా ఆగాలి. అయితే నియమంలో ఉన్న మాట "తయారైన" అని, "రిజిస్టర్ అయిన" అని కాదు. మద్రాసులో తయారై, హార్బరు దాటి, సముద్రం మీద వారాలు గడిపి, ఇక్కడ దిగుమతిదారు గోడౌన్‌లో నిలబడి, తర్వాత ఎవరో కొంటే గానీ రిజిస్ట్రేషన్ జరగదు. మార్చి 4న నంబరు పడిన బండి 1984లో తయారై ఉండటానికే ఎక్కువ అవకాశం. అవకాశం ఉందంటే డీవీఎల్‌ఏ (ఇక్కడ బండ్ల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ శాఖ) ఒప్పుకోదు, కాగితం కావాలి. పెద్దాయన ఇచ్చిన ఫైలులో ఏమేం ఉన్నాయి?

లెస్టర్_బుల్లెట్ | 7 ఏప్రిల్ 2025

స్పానర్ గారూ, ధన్యవాదాలు. ఫైలులో 1985 మార్చి నాటి అమ్మకం బిల్లు, 1991 నుంచి ఎంఓటీ (ఏటా చేయించే బండి ఫిట్‌నెస్ పరీక్ష) సర్టిఫికెట్లు, ఒక పార్ట్స్ పుస్తకం ఉన్నాయి. బిల్లులో తయారీ ఏడాది రాయలేదు. వీ5సీలో కూడా ఎక్కడా లేదు.

హోండా_అక్క | 7 ఏప్రిల్ 2025

నాది 1981 హోండా. డెర్బీలో ఉంటాను. నా పుస్తకంలో తేదీ స్పష్టంగా ఉండటంతో పోస్టాఫీసులో పది నిమిషాల్లో పనైపోయింది. పుస్తకంలో మార్పుల సెక్షన్‌లో టాక్స్ క్లాస్ దగ్గర "హిస్టారిక్ వెహికల్" అని రాసిచ్చాను. పాత పుస్తకం వాళ్లే తీసుకుని పంపారు, కొత్తది ఇంటికొచ్చింది.

తమ్ముడూ, 350 సీసీకి ఏడాదికి 57 పౌండ్లే కదా. దానికోసం ఇంత తిరుగుడు ఎందుకు? ఏడాది ఆగితే దానంతటదే వస్తుంది. నేనైతే ఆగేదాన్ని.

రైట్‌గేర్ | 7 ఏప్రిల్ 2025

అక్కా, మీరు డెర్బీలో ఉన్నారు కాబట్టి 57 పౌండ్లే కనిపిస్తున్నాయి. నేను ఈస్ట్‌హామ్‌లో ఉంటాను, నా లెక్క వేరు. 2023 ఆగస్టు 29 నుంచి యూలెజ్, అంటే కాలుష్యం ఎక్కువ చేసే బండ్లకి రోజువారీ రుసుము, లండన్ బరోలన్నిటికీ వచ్చింది. అది తప్పాలంటే బైకులకి యూరో 3 అనే పొగ ప్రమాణం ఉండాలి. మన పాత బుల్లెట్‌కి అది ఎక్కడిది? కాబట్టి బండి రోడ్డెక్కిన ప్రతి రోజుకీ 12.50 పౌండ్లు. పాలప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్లినా అంతే.

నలభై ఏళ్లు దాటి, హిస్టారిక్ టాక్స్ క్లాసులో ఉన్న బండికి ఆ రుసుము లేదు. వయసు ఒక్కటి సరిపోదు, క్లాసు కూడా మారి ఉండాలి. మా వీధిలో ఒకాయన తన 1979 ట్రయంఫ్‌కి క్లాసు మార్చుకోకుండా, "పాత బండే కదా" అనుకుని తిరిగాడు. నోటీసులు వచ్చాక గానీ తెలియలేదు. నా బుల్లెట్ 1983ది. పోయిన ఏడాదే మార్పించాను.

లెస్టర్_బుల్లెట్ | 7 ఏప్రిల్ 2025

నా సమస్యా అదే. మా చెల్లెలి కుటుంబం ఈస్ట్‌హామ్‌లోనే ఉంటుంది. నెలకి రెండుసార్లయినా వెళ్తాను. శనివారం వెళ్లి ఆదివారం వస్తే రెండు రోజుల రుసుము, అంటే 25 పౌండ్లు. అందుకే బండి ఇక్కడ వదిలి రైల్లో వెళ్తున్నాను. అక్కా, 57 కోసమే అయితే మీరన్నట్టు ఆగేవాణ్ణే.

హోండా_అక్క | 7 ఏప్రిల్ 2025

అయితే నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. లండన్ సంగతి నాకు తట్టలేదు. కాగితం సంపాదించు.

పాత_స్పానర్ | 8 ఏప్రిల్ 2025

సరే, పనిలోకి దిగుదాం. తయారీ ఏడాదిని చెప్పగలిగేది బండి ఒంటి మీద ఉన్న ఫ్రేము నంబరే. ఏ నంబర్లు ఏ ఏడాదివో రికార్డులు చూసి చెప్పగల క్లబ్బులు ఇక్కడ ఉన్నాయి. వింటేజ్ మోటార్‌సైకిల్ క్లబ్బు 1946 నుంచి నడుస్తోంది. బర్టన్ ఆన్ ట్రెంట్‌లో వాళ్లకి పెద్ద లైబ్రరీ ఉంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లకి వేరే ఓనర్స్ క్లబ్బు కూడా ఉంది. వాళ్లు ఇచ్చే డేటింగ్ సర్టిఫికెట్‌ని (బండి ఏ ఏడాదిదో చెప్పే కాగితం) డీవీఎల్‌ఏ సాక్ష్యంగా చూస్తుంది. నంబరు ఫొటోలతో పాటు కాగితం మీద పెన్సిల్‌తో రుద్దిన అచ్చు కూడా అడుగుతారు.

ఒక హెచ్చరిక. ఫ్రేము నంబరు హెడ్‌స్టాక్ (హ్యాండిల్ తిరిగే ఫ్రేము ముందు గొట్టం) మీద రంగు కింద ఉంటుంది. వైర్ బ్రష్, గ్రైండర్, ఉప్పుకాగితం దాని దగ్గరికి రానివ్వకు. పెయింట్ రిమూవర్ కొద్దిగా పూసి గుడ్డతో తుడువు. అంకెల అంచులు అరిగితే, ఎవరో నంబరు మార్చారేమో అన్న అనుమానం వస్తుంది. అప్పుడు ఏ క్లబ్బూ సంతకం పెట్టదు.

లెస్టర్_బుల్లెట్ | 13 ఏప్రిల్ 2025

నిన్న ఆ పని చేశాను. వీడియో కాల్‌లో నాన్న ఉన్నారు. పెన్సిల్ అచ్చు అనగానే ఆయనకి తెనాలి రోజులు గుర్తొచ్చాయి. అప్పట్లో ఆర్టీవో ఆఫీసు బయట చెట్టు కింద కూర్చునే ఏజెంటు సెలోటేపు అంటించి, మీద పెన్సిల్ రుద్ది, చాసిస్ నంబరు అచ్చు ఎలా తీసేవాడో మొత్తం చెప్పారు. "గట్టిగా నొక్కకురా, సీసం పక్కకి వాల్చి తేలిగ్గా రుద్దు" అని అక్కడి నుంచే నా చేత నాలుగుసార్లు తీయించారు. నాలుగోది చక్కగా వచ్చింది.

కానీ అక్కడే పిడుగు పడింది. ఫ్రేము మీద "బీ" అక్షరం ఉన్నచోట లాగ్‌బుక్‌లో "8" అంకె ఉంది. మిగతా అంకెలన్నీ సరిపోయాయి. రాత్రంతా ఒకటే టెన్షన్. దొంగబండి కొన్నానా?

పాత_స్పానర్ | 13 ఏప్రిల్ 2025

కంగారు పడకు. పాత పుస్తకాల్లో ఇది నేను చాలాసార్లు చూశాను. రంగు నిండిన "బీ" ఎవరి కంటికైనా "8" లాగే కనిపిస్తుంది. ఎప్పుడో ఎవరో చేతిరాత చూసి టైపు చేసి ఉంటారు. ఇంజన్ నంబరు సరిపోయిందా? పాత ఎంఓటీ కాగితాల్లో ఫ్రేము నంబరు ఎలా ఉంది?

లెస్టర్_బుల్లెట్ | 13 ఏప్రిల్ 2025

ఇంజన్ నంబరు అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది. ఎంఓటీలు ఇప్పుడే తిరగేశాను. 1991, 1992, 1994 కాగితాల్లో చేత్తో "బీ" అనే రాశారు. తర్వాత వాటిలో "8" ఉంది. స్పానర్ గారూ, ప్రాణం లేచొచ్చింది.

పాత_స్పానర్ | 13 ఏప్రిల్ 2025

ఆ మూడు కాగితాలూ బంగారం. పాత ఎంఓటీలు చిత్తుకాగితాలని పారేసేవాళ్లు చాలామంది. ఆ పెద్దాయన దాచి ఉంచాడు, ఆయనకి ఫోన్ చేసి ఓ మాట చెప్పు, సంతోషిస్తాడు.

ఇప్పుడు నువ్వు రెండు దిద్దుబాట్లు అడగాలి. ఒకటి ఫ్రేము నంబరు, రెండు తయారీ ఏడాది. ముందు క్లబ్బు సర్టిఫికెట్ తెప్పించు. తర్వాత లాగ్‌బుక్, సర్టిఫికెట్, పెన్సిల్ అచ్చు, ఫొటోలు, ఆ మూడు ఎంఓటీల కాపీలు, ఒక పేజీ ఉత్తరం, అన్నీ ఒకే కవర్లో డీవీఎల్‌ఏకి పంపు. ప్రతి కాగితాన్నీ ముందే స్కాన్ చేసి పెట్టుకో. సాధారణ పోస్టులో వేయకు, ట్రాకింగ్ ఉన్నదాన్లో వెయ్యి. ఉత్తరంలో నీ కథ వద్దు. ఏ తప్పు ఉంది, ఏది సరైనది, రుజువు ఏది, ఇంతే రాయి.

కొత్త_క్లచ్ | 15 ఏప్రిల్ 2025

అన్నలూ, మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాది 1980 యమహా ఎక్స్‌ఎస్650, వాట్‌ఫర్డ్. హిస్టారిక్ అయితే ఎంఓటీ కూడా అక్కర్లేదట కదా? అంటే ఇక బండిని గ్యారేజీకి చూపించే పనే లేదన్నమాట. ఇంకోటి, దీన్ని పెళ్లి ఫొటోషూట్‌లకి అద్దెకి ఇవ్వచ్చా? మన తెలుగువాళ్ల పెళ్లిళ్లలో పాత బండ్లు బాగా అడుగుతున్నారు.

పాత_స్పానర్ | 15 ఏప్రిల్ 2025

రెండోదానికి ముందు జవాబు: వద్దు. అద్దెకి గానీ వ్యాపారానికి గానీ వాడే బండికి ఈ మినహాయింపు లేదు. డబ్బు తీసుకుని తిప్పాలంటే మామూలు టాక్స్ క్లాసులో ఉంచి, దానికి తగ్గ ఇన్సూరెన్సు తీసుకో.

ఎంఓటీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. టాక్స్ లెక్క వేరు, ఎంఓటీ లెక్క వేరు. మొదట్లో 1960 కంటే ముందు బండ్లకే ఎంఓటీ అక్కర్లేకుండా ఉండేది. 2018 మే 20 నుంచి నలభై ఏళ్లు దాటిన బండ్లకి వర్తింపజేశారు, కానీ గత 30 ఏళ్లలో బండిలో పెద్ద మార్పులు జరగలేదన్న షరతు ఉంది. వేరే ఇంజన్ ఎక్కించి, ఫ్రేము కోసి వెల్డింగ్ చేసిన బండికి ఎంఓటీ కావాల్సిందే, దాని టాక్స్ క్లాసు హిస్టారిక్ అయినా సరే. పెద్ద మార్పులు లేవని టాక్స్ వేయించుకునేటప్పుడు వీ112 కాగితం మీద సంతకం పెడతావు. ఆ మాటకి బాధ్యత నీది.

ఎంఓటీ లేకపోవడం అంటే బండి బాగోగులు చూసే బాధ్యత మొత్తం నీ మీద పడటం. ప్రమాదకరమైన స్థితిలో ఉన్న బండి నడిపితే 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సు మీద 3 పాయింట్లు. నీ బండి వయసు చూసి పోలీసు వదిలెయ్యడు.

హోండా_అక్క | 15 ఏప్రిల్ 2025

నేను హిస్టారిక్ అయిన తర్వాత కూడా ఏటా స్వచ్ఛందంగా ఎంఓటీ చేయిస్తాను. మొదటి ఏడాది "నా బండి నాకు తెలియదా" అనుకుని మానేశాను. రెండో ఏడాది ఎందుకో మనసొప్పక తీసుకెళ్తే, ముందు బ్రేకు కేబులు లివర్ దగ్గర సగానికి పైగా పోగులు తెగి ఉంది. రబ్బరు కింద ఉండటంతో నాకు కనిపించలేదు. వారం ముందే దాని మీద మా అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకుని పీక్ డిస్ట్రిక్ట్ కొండలు దిగాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా చేతులు చల్లబడుతున్నాయి.

తమ్ముడూ, ఏడాదికి ఒకసారి ఇంకొకరి కంటికి చూపించు.

కొత్త_క్లచ్ | 15 ఏప్రిల్ 2025

అక్కా, అర్థమైంది. వచ్చే శనివారానికే టెస్టు బుక్ చేశాను.

మైసూర్_జావా | 19 ఏప్రిల్ 2025

హైదరాబాద్ నుంచి. మీ చర్చ చదువుతుంటే మన దేశం నియమాలు కళ్లముందు తిరిగాయి. మా తాతగారు 1972లో కొన్న జావా 250 నా దగ్గర ఉంది. మైసూరులో ఐడియల్ జావా వాళ్లు చేసినది, పాత మూడక్షరాల నంబరు.

ఇక్కడ 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకి వేరే నియమాలు తెచ్చింది. మీకు నలభై ఏళ్లయితే మాకు యాభై. పైగా ఇక్కడ లెక్కించేది మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి. మీ దగ్గర తయారీ తేదీ, మా దగ్గర రిజిస్ట్రేషన్ తేదీ! లెస్టర్ అన్నగారి బండి ఇండియాలో ఉంటే ఈ పెన్సిల్ గొడవే ఉండేది కాదు, కానీ ఇంకో పదేళ్లు ఆగాల్సి వచ్చేది.

కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తర్వాత రెన్యువల్‌కి 5,000. కొత్తగా నంబరు తీసుకునేవాటికి మధ్యలో "వీఏ" అక్షరాలు వస్తాయి. ముందే నంబరు ఉన్న బండి దాన్ని అట్టిపెట్టుకోవచ్చు. తాతగారి నంబరు పోదని తెలిసినప్పుడు మా ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

అయినా నేను ఇంకా దరఖాస్తు చేయలేదు. వింటేజ్ కింద రిజిస్టర్ అయిన బండిని రోజువారీ తిరుగుడుకి వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించుకోవడం, రిపేరు, వీటికే రోడ్డెక్కాలి. నేనేమో వారానికి నాలుగు రోజులు దాని మీదే ఆఫీసుకి వెళ్తాను. అందుకే మామూలు ఆర్‌సీనే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటున్నాను. మీ దేశంలో హిస్టారిక్ అయ్యాక రోజూ నడపొచ్చా?

రైట్‌గేర్ | 19 ఏప్రిల్ 2025

నడపొచ్చు మైసూర్ గారూ. వ్యాపారానికి వాడకపోతే చాలు, రోజూ ఆఫీసుకి వెళ్లినా ఎవరూ అడగరు. నేను వర్షం లేని ప్రతి రోజూ వెళ్తున్నాను. మీరు చేస్తున్నదే సరైనది. నడిచే జావాని షోకేసులో పెట్టే కాగితం మీకెందుకు?

ఒక్క జాగ్రత్త: పెట్రోలు. ఇక్కడ 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలుస్తోంది. మీ దగ్గర 20 శాతం అంటున్నారు. పాత రబ్బరు పైపులు, కార్బురేటర్ సీళ్లు దానికి తట్టుకోవు. నేను ఇథనాల్ తక్కువుండే ఈ5 సూపర్ అన్‌లెడెడే పోయిస్తాను. మీరు కనీసం పెట్రోలు పైపు మార్పించండి, నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉంచకండి.

లెస్టర్_బుల్లెట్ | 11 మే 2025

క్లబ్బు నుంచి సర్టిఫికెట్ వచ్చింది. ఫ్రేము నంబరు ప్రకారం తయారీ 1984. కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. 1984లో నాకు ఐదేళ్లు. నాన్న తన బండి ట్యాంకు మీద నన్ను కూర్చోబెట్టుకుని కాలవ గట్టు మీద తిప్పిన ఏడాది అది. అదే ఏడాది ఈ బండి మద్రాసులో లైను మీది నుంచి దిగింది.

రేపు కవరు పంపుతున్నాను. స్పానర్ గారూ, మీరు చెప్పినట్టే ఉత్తరం తొమ్మిది వాక్యాల్లో ముగించాను.

లెస్టర్_బుల్లెట్ | 24 జూన్ 2025

కొత్త పుస్తకం వచ్చింది! ఫ్రేము నంబరు సరిచేశారు. ప్రత్యేక గమనికల దగ్గర 1984లో తయారైనట్టు వేశారు. కానీ టాక్స్ క్లాస్ దగ్గర ఇంకా "బైసైకిల్" అనే ఉంది. సైకిల్ అంటారేంటి? మళ్లీ ఏదైనా తప్పు పడిందా?

పాత_స్పానర్ | 24 జూన్ 2025

శుభం! తప్పేం లేదు. మోటార్‌సైకిల్ టాక్స్ క్లాసుకి ఇక్కడ పుస్తకంలో రాసేది "బైసైకిల్" అనే. మొదటిసారి చూసినవాళ్లందరూ ఉలిక్కిపడతారు.

తేదీ దిద్దినంత మాత్రాన క్లాసు దానంతటది మారదు. అది నువ్వు అడగాలి. ఇప్పుడు ఈ కొత్త పుస్తకంతో మళ్లీ పోస్టాఫీసుకి వెళ్లు. అన్ని శాఖల్లో చెయ్యరు, వాహనాల టాక్స్ పని చూసే శాఖకే వెళ్లాలి. మార్పుల సెక్షన్‌లో "హిస్టారిక్ వెహికల్" అని రాయి. చెల్లుబాటులో ఉన్న ఎంఓటీ గానీ వీ112 గానీ చూపించు. ఇంతకీ నువ్వు ఎంఓటీ చేయించావా?

లెస్టర్_బుల్లెట్ | 24 జూన్ 2025

అక్క బ్రేకు కేబులు సంగతి చదివిన మర్నాడే చేయించాను. వెనక చక్రంలో రెండు పుల్లలు వదులు, స్టీరింగ్ బేరింగులు బిగించమన్నారు. రెండూ చేయించాను.

గుంటూరు_కిక్ | 2 జూలై 2025

నమస్కారం. నేను స్లౌలో ఉంటాను. గుంటూరులో మా నాన్నగారి 1979 బుల్లెట్ ఉంది. ఆయన పోయి మూడేళ్లయింది. అమ్మ కూడా ఇక్కడికి వచ్చేసింది, ఇల్లు అద్దెకిచ్చాం, బండి బాబాయి గారి పశువుల కొట్టంలో టార్పాలిన్ కింద ఉంది. దాన్ని ఇక్కడికి తెచ్చుకుంటే నేరుగా హిస్టారిక్ కింద రిజిస్టర్ చేస్తారా? ఏమేం కావాలి?

పాత_స్పానర్ | 2 జూలై 2025

చేస్తారు. పదేళ్లు దాటిన బండికి ఇక్కడ అప్రూవల్ పరీక్షలు అక్కర్లేదు. అది పెద్ద ఊరట. బండి దిగిన 14 రోజుల్లో నోవా (బయటి నుంచి వచ్చిన బండ్ల సమాచారం ఇచ్చే పద్ధతి) కింద పన్నుల శాఖకి తెలియజేయాలి. సుంకం, వ్యాట్ లెక్క వాళ్లే తేలుస్తారు. 30 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న కొన్ని బండ్లకి 5 శాతం వ్యాట్‌తో సరిపోతుంది, కానీ దానికి వేరే షరతులున్నాయి. బండి ఓడెక్కించకముందే పన్నుల శాఖని రాతపూర్వకంగా అడుగు. తర్వాత వీ55/5 ఫారంతో డీవీఎల్‌ఏకి దరఖాస్తు, మొదటి రిజిస్ట్రేషన్ రుసుము 55 పౌండ్లు.

లెస్టర్ తమ్ముడు పడ్డ ఇబ్బంది నీకు ఉండకపోవచ్చు. మన ఆర్‌సీలో తయారీ నెల, ఏడాది అని ఒక గడి ఉంటుంది. అది నిండి ఉంటే అదే నీకు గట్టి రుజువు. తయారీ ఏడాది రుజువైతే ఆ వయసుకి తగ్గ నంబరు ఇస్తారు. రుజువు లేకపోతే, వయసు తేలని బండ్లకి ఇచ్చే "క్యూ" నంబరు పడే ప్రమాదం ఉంది, అది పడితే బండి విలువే మారిపోతుంది.

ఇంకో మాట. 1980 జనవరి 1 కంటే ముందు తయారై, హిస్టారిక్ క్లాసులో ఉన్న బండికే నల్లరేకు మీద తెల్లక్షరాల పాత నంబరు ప్లేటు పెట్టుకునే హక్కు ఉంది. 1979 బండికి అది వస్తుంది. లెస్టర్ తమ్ముడి 1984కి రాదు.

గుంటూరు_కిక్ | 2 జూలై 2025

నాన్నగారి బండికి గుంటూరులోనూ నల్లరేకు మీద తెల్లక్షరాలే ఉండేవి సార్. ఆ ప్లేటు ఇప్పటికీ బండికే ఉంది. ఈ వారమే బాబాయికి ఫోన్ చేసి ఆర్‌సీ వెతికిస్తాను.

మైసూర్_జావా | 3 జూలై 2025

గుంటూరు గారూ, ఆర్‌సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంటే ముందు వారసత్వం కింద మీ పేరుకో అమ్మగారి పేరుకో మార్పించండి. డెత్ సర్టిఫికెట్, మీ కుటుంబసభ్యుల అంగీకార పత్రం దగ్గర పెట్టుకోండి. ఈ పని మీరు ఇండియా వచ్చినప్పుడు చేసుకోవడమే మేలు. అసలు ఆర్‌సీ ఎవరి చేతికీ కాపీ తీసుకోకుండా ఇవ్వకండి. మా స్నేహితుడొకరు ఏజెంటుకి అసలు కాగితం ఇచ్చి, అది మళ్లీ చూడలేదు.

బండి కదిలించే ముందు నాలుగు వైపులా ఫొటోలు, నంబర్ల ఫొటోలు తీయించండి. పశువుల కొట్టం తేమకి నంబరు మీద తుప్పు పట్టి ఉండొచ్చు. గుడ్డతో కొబ్బరినూనె రాసి ఉంచమనండి. ఇనుప బ్రష్ మాత్రం వద్దు.

లెస్టర్_బుల్లెట్ | 26 జూలై 2025

పని పూర్తయింది. పుస్తకంలో ఇప్పుడు "హిస్టారిక్ వెహికల్" అని ఉంది. మిగిలిన పూర్తి నెలలకి కట్టిన టాక్స్ కూడా వెనక్కి వచ్చింది. నాకు తెలియని ఇంకో విషయం ఇక్కడ రాస్తున్నాను, నాలాంటి కొత్తవాళ్లకి పనికొస్తుంది: టాక్స్ సున్నా అయినా ఏటా టాక్స్ వేయించుకునే పని మాత్రం మనదే. ఆన్‌లైన్‌లో సున్నా పౌండ్లకి చేసుకోవచ్చు. అది మరిచిపోతే టాక్స్ లేని బండి కిందే లెక్క. షెడ్డులోనే ఉంచేటట్టయితే సోర్న్ చెప్పాలి, అంటే బండి రోడ్డెక్కదని డీవీఎల్‌ఏకి తెలియజేయాలి.

లండన్ రవాణా వాళ్ల వెబ్‌సైటులో నా నంబరు కొట్టి చూశాను. యూలెజ్ రుసుము లేదని చూపించింది. రేపు పొద్దున ఆరింటికి బయల్దేరుతున్నాను. మోటార్‌వే ఎక్కను, పాత ఏ6 రోడ్డు మీద బెడ్‌ఫర్డ్ మీదుగా. రైట్‌గేర్ అన్నా, పదకొండుకల్లా ఈస్ట్‌హామ్‌లో ఉంటాను.

రైట్‌గేర్ | 26 జూలై 2025

రా తమ్ముడూ. మీ చెల్లెలి ఇంటికి వెళ్లే ముందు మా ఇంటి దగ్గర ఆగు. రెండు బుల్లెట్లూ పక్కపక్కన పెట్టి నాన్నగారికి వీడియో కాల్ చేద్దాం. పెసరట్టు ఉంటుంది.

గుంటూరు_కిక్ | 26 జూలై 2025

అభినందనలు అన్నా. బాబాయికి ఆర్‌సీ దొరికింది. ట్రంకుపెట్టెలో నాన్నగారి ఎల్‌ఐసీ బాండ్ల కింద ఉందట. పుస్తకం మడతల దగ్గర చిరిగింది, తయారీ ఏడాది గడి మీద సిరా పాకింది. ఏడో తొమ్మిదో ఉన్నట్టుంది అంటున్నాడు.

పాత_స్పానర్ | 26 జూలై 2025

సెలోటేపు అంటించవద్దని చెప్పు, సిరా లేచిపోతుంది. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, దగ్గరగా ఫొటో తీసి ఇక్కడ పెట్టు. నీ నంబరు, ఇంటి చిరునామా కనపడకుండా మూసెయ్. దాంతోపాటు హెడ్‌స్టాక్ మీద పెన్సిల్ అచ్చు కూడా తీయించు.

లెస్టర్_బుల్లెట్ | 26 జూలై 2025

పెన్సిల్ అచ్చు తీయడం బాబాయి గారికి రాకపోతే నాన్న వెళ్తానంటున్నారు. తెనాలి నుంచి గుంటూరు ఎంతసేపు. సెలోటేపు ఆయన దగ్గరే ఉందట.